సెయింట్ మేరీస్ దీవులా, హరిహరేశ్వరా: లావా రాళ్లు చూడ్డానికి ఏది మేలు?

విశాఖ ఒడ్డున మనం ఎక్కి కూర్చునే రాళ్లు లావా రాళ్లు కావు. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపం మారిన ఖోండలైట్ అది. సముద్రం పక్కన లావా రాళ్లు చూడాలంటే పడమటి తీరానికి వెళ్లాలి. అక్కడ రెండు చోట్లు నాకు బాగా ఇష్టం.

ఒకటి, ఉడుపి దగ్గర మల్పే నుంచి పడవలో వెళ్లే సెయింట్ మేరీస్ దీవులు. దిగగానే స్తంభాలే స్తంభాలు. ఎండిన చెరువులో మట్టి నెర్రెలిచ్చినట్టే, లావా చల్లారి కుదించుకుపోతూ పగిలింది. పగులు కిందిదాకా దిగి ఐదారు పలకల స్తంభాలయ్యాయి. పైనుంచి చూస్తే ఎవరో గచ్చు మీద బండలు పరిచినట్టుంటుంది. వయసు సుమారు 8.8 కోట్ల ఏళ్లు, మడగాస్కర్ మన నేల నుంచి విడిపోతున్న కాలం. చాలామంది బసాల్ట్ (లావా గట్టిపడి ఏర్పడే నల్లరాయి) అనేస్తారు గానీ, ఇది ఇసుకలో ఉండే సిలికా అనే పదార్థం ఎక్కువున్న లావా రాయి, రయోలైట్ తరహాది.

రెండోది మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలోని హరిహరేశ్వర్. ఇది దక్కను పీఠభూమిని కప్పేసిన లావా, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్ట్. ఆ లావా మన రాజమండ్రి దాకా పారింది. కాతేరు, పంగిడి వైపు కనిపించే నల్లరాయి అదే. కాలభైరవ ఆలయం వెనక ప్రదక్షిణ దారిలో, కొండ చీలికలోంచి మెట్లు దిగితే అలలు కోసిన రాతి అరుగు వస్తుంది. పక్క గోడంతా తేనెపట్టులా గుంతలు, కొన్నింట్లో పిడికిలి పడుతుంది. రాతిలో ఇంకిన ఉప్పునీరు ఆరి, ఉప్పు పలుకులు పెరిగి రేణువు రేణువుగా రాయిని రాల్చేస్తాయి. ఆ గుంతల అంచు మీద వేలు పెట్టి చూడండి, గరగరలాడుతుంది.

పిల్లలతో మొదటిసారి వెళ్తుంటే మల్పేకే నా ఓటు. స్తంభాల్ని చూస్తే ఎవరూ వివరించక్కర్లేదు. వానాకాలం పడవలుండవు, అదొక్కటే చూసుకోండి. నింపాదిగా రాయి చూసేవాళ్లకు మాత్రం హరిహరేశ్వరే మేలు. తిరుగు పడవ టెన్షన్ ఉండదు. అయితే ఆటు సమయంలోనే దిగాలి. పోటు వేళ ఆ అరుగు మీద నిలబడినవాళ్లను అలలు లాక్కుపోయిన సంఘటనలున్నాయి. గుళ్లో సమయం అడగండి. వద్దంటే మెట్ల మీదే ఆగిపోండి.