టాల్ అనాలా, హై అనాలా?

మనకు ‘ఎత్తు’ అన్న ఒక్క మాట సరిపోతుంది. ఇంగ్లీషులో టాల్, హై అని రెండున్నాయి, చిక్కంతా అక్కడే.

మనుషులకు ఎప్పుడూ టాలే. ‘హీ ఈజ్ హై’ అంటే పొడుగరి అని కాదు, మత్తులో ఉన్నాడని! చెట్టు, స్తంభం, టవర్ లాంటి నిలువుగా సాగే సన్నటి వాటికీ టాలే. గోడ, కంచె, సీలింగ్ మాత్రం హై. కొండకు ఎక్కువగా హై అంటారు గానీ టాల్ అన్నా తప్పు పట్టరు. ధర, స్పీడు, బీపీ లాంటివాటికి హై తప్ప దారి లేదు.

అసలు తేడా షెల్ఫ్ దగ్గర తేలిపోతుంది. ‘ఎ టాల్ షెల్ఫ్’ అంటే షెల్ఫే పొడుగు. ‘ఎ హై షెల్ఫ్’ అంటే షెల్ఫ్ జానెడే కావచ్చు, కానీ చెయ్యి అందనంత పైన బిగించారు. గాలిలో ఎగిరే గాలిపటం కూడా అందుకే హై.

అనుమానం వస్తే వ్యతిరేక పదం పెట్టి చూడండి. షార్ట్ అతికితే టాల్, లో అతికితే హై. రూల్స్ బట్టీ పట్టడం కన్నా ఇదే నయమని నా లెక్క. బిల్డింగుల దగ్గర మాత్రం ఈ చిట్కా తడబడుతుంది: షార్ట్, లో రెండూ అతుకుతాయి. అక్కడ కళ్లు మూసుకుని టాల్ అనేయండి.