తాడు గంటా, చేతి వాచీనా, పరుపు కింద షీటా? పెద్దవాళ్ళ హోంలో ఏది మేలు?

అనంతపురం నుంచో గుంటూరు నుంచో అమ్మానాన్నలను బెంగళూరు తెచ్చుకుని, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ ఇంట్లో చూసుకోలేక, చివరికి వైట్‌ఫీల్డ్ వైపో సర్జాపూర్ రోడ్డు వైపో హోం వెతుక్కునే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. చూడ్డానికి వెళ్ళినప్పుడు మేనేజరు మొదట చూపించేది ట్యాబ్‌లో డాష్‌బోర్డు: గుండె వేగం, నిద్రపోయిన గంటలు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. అవి అక్కరకు రావని నేననను. కానీ అంతకుముందు మంచం పక్కనున్న బజర్ మీరే నొక్కి, మనిషి ఎంతసేపటికి వస్తారో చూడండి. ఏ పరికరమైనా చివరికి చేసేది ఆ మనిషిని పిలవడమే.

పాతకాలం వైరు గంటతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్నే అందరూ తేలిగ్గా తీసేస్తున్నారు. మంచం తలాపున బటన్, బాత్రూంలో నేలదాకా వేలాడే తాడు. లాగితే గది తలుపు పైన దీపం వెలుగుతుంది, సిస్టర్ల బల్ల దగ్గర మోగుతుంది. వైఫైతో పనిలేదు. యూపీఎస్ మీద ఉంటే కరెంటు పోయినా పనిచేస్తుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, దేశంలోకెల్లా పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి రోజుల తరబడి కాగితం మీద రాసుకుంటూ నెట్టుకొచ్చింది. అలాంటి రోజున కూడా వైరు గంట మోగుతుంది.

దాని లోపం చిన్నది కాదు. మనిషి లాగితేనే మోగుతుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్ళు దాటినవాళ్ళను ఏడాదిపాటు గమనించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన అధ్యయనం ఉంది. పిలుపు గంట ఉండి కూడా, ఒంటరిగా పడిపోయినప్పుడు దాన్ని వాడనివాళ్ళు దాదాపు 80 శాతం. మన పెద్దవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. 'అర్ధరాత్రి పాపం ఆ పిల్లను లేపడమెందుకు' అని నేలమీదే పడుండే తరం వాళ్ళది. గంటకు పైగా అలా పడుంటే ఒంట్లో నీరు తగ్గిపోతుంది, కండరాలు దెబ్బతిని ఆ ప్రభావం మూత్రపిండాల మీద పడుతుంది, ఒత్తుకున్నచోట పుండ్లు మొదలవుతాయి. ఇంకొకటి, గది చూసేటప్పుడు ఆ తాడు నేలదాకా ఉందో లేదో చూడండి. తుడిచేవాళ్ళు అడ్డమని పైకి ముడివేస్తుంటారు. కింద పడ్డ మనిషికి అది అందదు.

అందుకే చాలామంది పిల్లలు వాచీ కొనిస్తారు. 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి ఆపిల్ వాచీ గట్టిగా పడటాన్ని పసిగడుతుంది. ఒక నిమిషంపాటు కదలిక లేకపోతే తనే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, మనం ఇచ్చిన నంబర్లకు సందేశం పంపుతుంది. సొంతింట్లో ఒక్కరే ఉండే నాన్నకు, పొద్దున్నే పార్కుకు వెళ్ళే మామగారికి ఇది నిజంగా మంచిది. హోంలో మాత్రం చిక్కుంది. ఫోన్ 112కు పోతుంది, సందేశం మారతహళ్ళిలో నిద్రపోతున్న కొడుక్కి పోతుంది. పది అడుగుల దూరంలో కూర్చున్న సిస్టర్‌కు మాత్రం తెలియదు. వాచీ ఇవ్వదలిస్తే సందేశం వెళ్ళే నంబర్లలో మొదటిది హోం నైట్ డ్యూటీ నంబరు పెట్టండి. మంచం అంచు నుంచి మెల్లగా జారి కూలబడితే అది పసిగట్టకపోవచ్చు. పైగా రోజూ ఛార్జింగ్ పెట్టాలి, పెట్టేది ఎక్కువగా రాత్రిపూటే. బాత్రూంకు తడబడుతూ లేచేదీ రాత్రిపూటే.

పరుపు కింద షీటు వేరే పనికి పుట్టింది. బెంగళూరులోనే మొదలైన డోజీ వంటి సంస్థలు చేసేది ఇదే: గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒంట్లో పుట్టే సూక్ష్మమైన కదలికను పరుపు కిందినుంచే పట్టి, గుండె వేగం, ఊపిరి వేగం లెక్కగడతాయి. ఒంటికి ఏదీ తగిలించనక్కర్లేదు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన అమ్మకు, ఎక్కువసేపు మంచం మీదే ఉండేవాళ్ళకు దీన్ని మించింది నాకు కనబడలేదు. న్యుమోనియా ముదిరేముందు ఊపిరి వేగం పెరగడం తరచూ ముందే కనిపిస్తుంది. రాత్రి సిస్టర్ ప్రతి గంటకూ వచ్చి లెక్కపెట్టలేదు కదా.

కానీ దీన్ని పడిపోకుండా కాపాడేదిగా అమ్మితే నమ్మకండి. మంచం దిగగానే మోగే అలారం ప్యాడ్లను అమెరికాలో ఒక ఆసుపత్రిలోని 16 వార్డుల్లో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. అలారంల వాడకం పెరిగింది, పడిపోవడాలు మాత్రం తగ్గలేదు. మోగిన వెంటనే అందుకునే చెయ్యి ఉండాలి మరి. ఊరికే మోగే అలారాలు ఎక్కువైతే సిబ్బంది చెవులు వాటికి అలవాటు పడిపోతాయి. ఇది ఆసుపత్రుల్లో అందరికీ తెలిసిన బాధ.

ఇక గోడకు బిగించే రాడార్ సెన్సర్. కెమెరా కాదు, బొమ్మ తీయదు, మనిషి నేలమీద ఉన్నాడని మాత్రం చెబుతుంది. వాచీ తీసేసే చోట, పరుపు లేని చోట, అంటే బాత్రూంలో, నేను దీనికే ఓటేస్తాను. గదిలో కెమెరా మాత్రం అమ్మను అడగకుండా పెట్టించొద్దు. బట్టలు మార్చుకునేది తను.

బల్ల దగ్గరి సిస్టర్ గదిలోని మనిషితో మాట్లాడే గోడ స్పీకర్ల గురించి కూడా చెప్పాలి. సిస్టర్ మలయాళీ, ఆయా కన్నడిగ, అమ్మకు వచ్చింది తెలుగొక్కటే. భయంలో ఉన్న మనిషికి గోడలోంచి తెలియని భాషలో వచ్చే గొంతు ధైర్యమివ్వదు. మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే భాష రాకపోయినా సర్దుకుంటుంది.

మతిమరుపు మొదలైన అమ్మకు తాడూ గుర్తుండదు, వాచీ విప్పేస్తుంది. షీటు, బాత్రూంలో రాడార్ సరైనవి. మంచి తెలివితో తిరుగుతున్న నాన్నకు తాడు, వాచీ చాలు. ఒక్కదానికే డబ్బుంటే మాత్రం నేను తాడు గంట ఉన్న హోమే ఎంచుకుంటాను, రాత్రి మేలుకుని ఉండే మనిషి ఉంటేనే. 'స్మార్ట్ మానిటరింగ్' పేరిట నెలకు అదనంగా అడిగితే, రాత్రి ఒక అంతస్తుకు ఎంతమంది డ్యూటీలో ఉంటారో ముందు అడగండి. ఒక్కరే అంటే, ఆ అదనపు డబ్బుతో రెండో మనిషిని పెట్టమనండి.