బసవనగుడిలో చవక టిఫిన్: వారం చూసి బయల్దేరండి

పనిమీద బెంగళూరు వెళ్లే మనవాళ్లు చాలామంది మెజెస్టిక్ దగ్గర దిగి, ఎదురుగా కనబడ్డ హోటల్లో తినేసి, ఈ ఊళ్లో సాంబారంతా తీపేనని తేల్చేసి వస్తారు. అక్కణ్ణుంచి గ్రీన్ లైన్ మెట్రోలో చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్ దాటితే మూడో స్టేషన్ నేషనల్ కాలేజీ. అక్కడ దిగితే ఒకవైపు బసవనగుడి, శంకరపురం, ఇంకోవైపు వి.వి.పురం. 1898 ప్లేగు తర్వాత పాతపేటల ఇరుకు నుంచి జనాన్ని బయటికి తేవడానికి వెడల్పు రోడ్లతో వేసిన పేటల్లో బసవనగుడి ఒకటి, మల్లేశ్వరం ఇంకొకటి. గాంధీ బజార్ సందడి వదిలి రెండు వీధులు లోపలికి నడిస్తే మధ్యాహ్నం పూట కూరలబండి కేక తప్ప పెద్దగా ఏమీ వినబడదు. ఇక్కడ తక్కువ డబ్బుతో శుభ్రంగా తినడం తేలికే. వారం, వేళ చూసుకోకుండా వెళ్లారా, దించిన షట్టరు ముందు నిలబడాలి.

ముందు వారం సంగతి. గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్‌కి శుక్రవారం సెలవు. శంకరపురం రంగారావు రోడ్డులోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కి ఆదివారం సెలవు. లాల్‌బాగ్ రోడ్డు ఎం.టి.ఆర్. (మావళ్లి టిఫిన్ రూమ్స్)కి సోమవారం సెలవు. అంటే శుక్రవారం రాత్రి బస్సెక్కి వారాంతానికి వచ్చేవాళ్లకి మూడూ తెరిచి ఉండేది శనివారం ఒక్కటే, ఆరోజు ఊరంతా అక్కడే ఉంటుంది. వీలుంటే మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకోండి. ఇక వేళ. పొద్దున ఆరు, ఆరున్నరకల్లా తెరుస్తారు. విద్యార్థి భవన్, బ్రాహ్మిన్స్ రెండూ పన్నెండు ప్రాంతానికి కట్టేసి, మళ్లీ రెండు, మూడు గంటలకు తీస్తారు. ఒంటిగంటకు ఆకలేసి వచ్చినవాళ్లు ఇరుక్కునేది ఈ మధ్యలోనే. ఆదివారం మెట్రో మొదటి బండి పొద్దున ఏడింటికి గాని కదలదు కాబట్టి, ఆరోజు తెరిచే వేళకే చేరాలంటే ఆటో పట్టాల్సిందే.

యశ్వంతపురంలో రైలు దిగేవాళ్లకి పక్కనే గ్రీన్ లైన్ స్టేషన్ ఉంది, మారే పని లేకుండా నేరుగా రావచ్చు. ఎస్.ఎం.వి.టి. (విశ్వేశ్వరయ్య) రైల్వే టెర్మినల్లో దిగితే ఆటోలో బయ్యప్పనహళ్లి వెళ్లి, పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో మారాలి. నేషనల్ కాలేజీ స్టేషన్ నుంచి విద్యార్థి భవన్‌కి, బ్రాహ్మిన్స్‌కి పావుగంట లోపు నడక. వి.వి.పురం తిండి వీధికి పది నిమిషాలు. సొంత కారు మాత్రం తేవద్దు. గాంధీ బజార్‌లో పార్కింగ్ వెతికే టైములో రెండు టిఫిన్లు అయిపోతాయి.

ఒకే పొద్దుకి ఒకే చోటు ఎంచుకోమంటే బ్రాహ్మిన్స్‌కే ఓటు. 1965 నుంచీ ఉన్న చిన్న కొట్టు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, టీ, దాదాపు అంతే జాబితా. దోసె లేదు, సాంబారూ లేదు. వచ్చీ రాగానే సాంబార్ అడిగి మొహం చిన్నబుచ్చుకునేవాళ్లలో సగం మంది మనవాళ్లే. ఇక్కడ అసలు సంగతి చట్నీ. పల్చగా, ఆకుపచ్చగా ఉంటుంది. పళ్లెం తీసుకుని చట్నీ పోసే మనిషి దగ్గరికి వెళితే గరిటెతో పోస్తాడు, మళ్లీ వెళితే మళ్లీ పోస్తాడు, అదనంగా డబ్బు లేదు. ఇడ్లీ మునిగేలా పోయించుకుని చెమ్చాతో తినాలి. మన గట్టి పల్లీ చట్నీలా నంజుకుందామని చూస్తే రుచి తెలియదు. కుర్చీలు ఉండవు. కొందరు నిలబడి తింటారు, కొందరు ఫుట్‌పాత్ అంచున కూర్చుంటారు. మోకాళ్లనొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఖారా బాత్ అంటే బొంబాయి రవ్వ ఉప్మాయే, కాకపోతే కూరగాయముక్కలు, మసాలాపొడి పడి పసుపురంగులో ఉంటుంది. కేసరి బాత్ మన రవ్వకేసరి. రెండూ ఒకే పళ్లెంలో చెరో ముద్ద పెడితే చౌ చౌ బాత్. ఒక్కడే ఉంటే అర ఆకలికి అది చాలు. ఇద్దరైతే ఇడ్లీ వడ ఒక పళ్లెం, చౌ చౌ బాత్ ఒక పళ్లెం తీసుకుని పంచుకోవడం తెలివైన పని. కాఫీతో కలిపి మనిషికి వంద దాటడం కష్టం.

విద్యార్థి భవన్ లెక్క వేరు. 1943లో చుట్టుపక్కల బడిపిల్లల కోసం పెట్టిన హోటల్, పేరూ అందుకే అలా ఉంది. అందరూ వచ్చేది మసాలా దోసె కోసమే. మన పేపర్ దోసెలా పల్చన కాదు. మందంగా, పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా, మధ్యలో ఆలూ కూరతో ఉంటుంది. నెయ్యి బాగానే పడుతుంది. పక్కన పల్చటి చట్నీ తప్ప సాంబార్ రాదు. ఒక దోసెతో కడుపు నిండుతుంది. రెండు చెప్పి ఒకటి వదిలేసే టేబుళ్లు రోజూ కనబడతాయి.

రద్దీ వేళ వెళితే ముందు గుమ్మం దగ్గరే పేరు, ఎంతమందో చెప్పాలి. పిలిచేదాకా బయట ఉండాలి. పేరు చెప్పి పూలకొట్ల దాకా వెళ్లి రావచ్చని అనుకోవద్దు, పిలిచినప్పుడు లేకపోతే వెనక్కి పడతారు. లోపల టేబుల్ మీ ఒక్కరిదే అనుకోకూడదు, ఖాళీ కుర్చీలో తెలియనివాళ్లు కూర్చుంటారు, అదిక్కడ మర్యాదే. దోసెలు పెద్ద పెనం మీద ఒక విడతగా పోస్తారు. విడత దిగగానే సర్వర్ ఒక చేతిమీద పళ్లెం మీద పళ్లెం పేర్చుకుని వచ్చి వరసగా దించేస్తాడు. అందుకే పావుగంట ఏమీ రాక, తర్వాత చుట్టుపక్కల అందరికీ ఒకేసారి వస్తుంది. మధ్యలో పిలిచి గదమాయించి లాభం లేదు. ఈ ఆలస్యం భరించలేనివాళ్లకి రవ్వ వడె ఉంది, అది బాగుంటుంది కూడా. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఈ దోసె కోసం గంట నిలబడటం దండగ. అదే దోసె మంగళవారం మూడున్నరకి వెళితే దాదాపు నేరుగా కూర్చుని తినొచ్చు. పార్సిల్ అసలు వద్దు. వేడి దోసెని పొట్లం కడితే ఆవిరి లోపలే ఉండి, పదినిమిషాల్లో మెత్తబడి, చింపితే సాగుతుంది.

ఈ రెండు పేర్లూ తీసేసినా పేటంతా దర్శినులున్నాయి. దర్శిని అంటే నిలబడి తినే స్వయంసేవా హోటల్. 1983లో పక్కనున్న జయనగర్‌లో కేఫ్ దర్శినితో ఈ పద్ధతి మొదలైంది. కుర్చీల చోటు మిగిలింది, సర్వర్ల జీతం మిగిలింది, అందుకే ధర తగ్గింది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. నేరుగా వంట కౌంటర్ దగ్గరికి వెళ్లి నిలబడితే ఎవరూ పలకరు. ముందు గల్లాపెట్టె దగ్గర మొత్తం చెప్పి డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి. చాలా చోట్ల టిఫిన్‌కి ఒక చీటీ, కాఫీకి ఒక చీటీ వస్తాయి, కౌంటర్లూ వేరు. రెండూ ఒకేసారి ఇచ్చేస్తే టిఫిన్ అయ్యేలోపు కాఫీ చల్లారిపోతుంది. కాఫీ చీటీ జేబులోనే ఉంచుకుని, తినడం అయ్యాక ఇవ్వండి. ఫోన్‌తో చెల్లించడం అన్నిచోట్లా ఉన్నా, రద్దీలో నెట్‌వర్క్ మొరాయిస్తే మీ వెనక వరస ఆగిపోతుంది. ఓ రెండొందలు చిల్లరగా ఉంచుకోవడం మంచిది. తిన్న పళ్లెం టేబుల్ మీద వదిలేయకుండా తొట్టిలో వేయాలి.

కౌంటర్ మాటలు నాలుగు తెలిస్తే చాలు. "డిప్" అంటే ఇడ్లీ వడలు సాంబార్లో ముంచి ఇస్తారు, "సాంబార్ బేరె" అంటే విడిగా ఇస్తారు. సాంబార్లో బెల్లం పడుతుంది కాబట్టి, మన నోటికి విడిగా తీసుకుని చూసి పోసుకోవడమే క్షేమం. "బై టూ" అంటే ఒక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో సగం సగం పోస్తారు, దానికెవరూ చిన్నచూపు చూడరు. "సక్కరె కమ్మి" అంటే పంచదార తక్కువ. మాటల్లో ఇంకో చిక్కుంది. మన ఇడ్లీ ఎలాగూ రవ్వతోనే చేస్తాం గనక, బోర్డు మీద "రవ్వ ఇడ్లీ" చూసి మామూలు ఇడ్లీ అనుకుంటారు. ఇక్కడ అది బొంబాయి రవ్వ, పెరుగు, పోపు, జీడిపప్పుతో చేసేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం కరువై ఎం.టి.ఆర్. వాళ్లు కనిపెట్టిందని చెబుతారు. దాన్ని రుచి చూడాలంటే అక్కడే చూడాలి. అయితే ఎం.టి.ఆర్. ఖర్చు దర్శిని కన్నా బాగా ఎక్కువ, చవక జాబితాలోకి రాదు. పులియోగరె మన పులిహోర లాంటిదే గాని బెల్లం, నువ్వులు, ఎండుకొబ్బరి పడి నల్లగా ఉంటుంది. ఎస్.ఎల్.వి. అనే బోర్డు వీధికొకటి కనబడుతుంది. అన్నీ ఒకే యజమానివి కావు, ఒకచోట బాగుందని ఇంకోచోట అదే రుచి ఆశించలేం. జనం ఎక్కువున్న చోటికే వెళ్లండి, ఇడ్లీ అప్పుడప్పుడే దిగుతుంటుంది.

ఈ పేట బలం టిఫిన్, భోజనం అంతగా కాదు. మధ్యాహ్నం కడుపు నిండా కావాలంటే బ్యూగల్ రాక్ దగ్గరి కామత్‌లో ఉత్తర కర్ణాటక జొన్నరొట్టె భోజనం ఉంది. కర్నూలు, పాలమూరు వైపు వాళ్లకి ఇంటికొచ్చినట్టుంటుంది, ధర మాత్రం టిఫిన్ లెక్కలోకి రాదు.

సాయంత్రం వి.వి.పురం తిండి వీధి, సజ్జన్‌రావు సర్కిల్ దగ్గర. పేరు ఎంత పెద్దదో తొక్కిసలాట అంత పెద్దది. శని, ఆదివారాలు ఎనిమిది దాటాక చేతిలో పళ్లెం పట్టుకుని కదలడమే కష్టం, పైగా వంద రకాల మీద పడితే ఏదీ తిన్నట్టుండదు. మామూలు రోజు ఆరు, ఆరున్నరకి వెళ్లి మూడింటితో ఆపండి. వేడివేడి ఒబ్బట్టు ఒకటి, అంటే మన బొబ్బట్టు, కొందరిళ్లలో బక్షాలు. అక్కి రొట్టె, అంటే బియ్యప్పిండి రొట్టె, ఒకటి. మూడోది వి.బి. బేకరీ. 1950ల నుంచీ ఉన్న ఈ అయ్యంగార్ బేకరీలో ఖారా బన్ను, కారం పట్టించిన "కాంగ్రెస్" వేరుశనగ పప్పులు, బూడిద గుమ్మడితో చేసే దమ్ రోట్ హల్వా దొరుకుతాయి. ఊరికి తీసుకెళ్లడానికి ఆ పప్పులే నయం, రెండు రోజులైనా మెత్తబడవు. వీధి అంతా శాకాహారమే.

డిసెంబరు, జనవరిల్లో వస్తే ఈ లెక్కంతా పక్కన పెట్టి అవరెకాయ వెతకండి. అదే మన అనపకాయ. "హితికిద బేళె" అని ఇక్కడ అనేది చిత్తూరు, అనంతపురం ఇళ్లలో చేసే పితికిన పప్పే. గింజలు నానబెట్టి, తొక్క పితికి తీసే పని పెద్దది కాబట్టి మిగతా రోజుల్లో హోటళ్లలో దొరకడం అరుదు. ఆ పప్పు వేసిన దోసె, ఉప్మా, సారు (మన చారు), ఆఖరికి జిలేబీ కూడా అవరెకాయ మేళాలో పెడతారు. ఒకప్పుడు తిండి వీధిలోనే జరిగేది, జనం పట్టక ఈమధ్య నేషనల్ కాలేజీ మైదానానికి మార్చారు, మెట్రో దిగితే ఎదురుగానే. కార్తీకమాసం ఆఖరి సోమవారం ప్రాంతంలో దొడ్డ గణపతి గుడి దగ్గర కడలెకాయ పరిషె, అంటే వేరుశనగ తిరునాళ్లు. ఆ రోజుల్లో బుల్ టెంపుల్ రోడ్డులో బళ్లు కదలవు, టిఫిన్ కోసం వచ్చేవాళ్లు వేరే రోజు చూసుకోవాలి.

బస విషయం క్లుప్తంగా: బసవనగుడిలో లాడ్జీలు తక్కువ, ఉన్నవీ పెళ్లి ముహూర్తాలకి నిండిపోతాయి. మెజెస్టిక్‌లో గది చవక, రాత్రంతా బస్సుల రొద. జయనగర్ మెట్రోకి దగ్గరగా దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. పొద్దున నేషనల్ కాలేజీ మూడు స్టేషన్లే, ఆరున్నరకి మొదటి విడత ఇడ్లీకి అందుకోవచ్చు.