బీసీసీలో దాచినా కీ నంబరు పట్టిస్తుంది: జీపీజీ, థండర్‌బర్డ్ నాలుగేళ్ల వాడకం

భీమవరం, అమలాపురం వైపు ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ (తాళం వేసి పంపే మెయిల్) వాడేవాళ్లు తక్కువే గానీ, వాడేవాళ్లకు దాని అవసరం గట్టిది. రొయ్యల చెరువులో వైట్ స్పాట్ జబ్బు ఉందన్న ల్యాబ్ రిపోర్టు, పంట కాలువలోకి వదిలేస్తున్న చెరువు నీటి మీద ఫిర్యాదు లాంటివి ఒకేసారి రైతుకూ, లాయరుకూ, విలేకరికీ వెళ్లాల్సి వస్తుంది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకూడదు. నాలుగు ఊళ్లు దాటకముందే చుట్టరికం కలిసే చోట, ఏం రాశారన్నదాని కన్నా ఎవరికి పంపారన్నదే పెద్ద గుట్టు.

ఈ పనికి జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామునీ, థండర్‌బర్డ్ అనే మెయిల్ యాప్‌నీ నాలుగేళ్లుగా వాడుతున్నాం. తాళం వేయడంలో రెండూ గట్టివే. దాచిన చిరునామాల దగ్గరే ఇబ్బంది. బీసీసీ గడిలో (మిగతావాళ్లకు కనిపించకుండా కాపీ పంపే గడి) పేరు వేసి ఎన్‌క్రిప్ట్ నొక్కితే ఆ పేరు దాగదు.

ఎందుకంటే, ఎంతమందికి పంపినా ఎన్‌క్రిప్ట్ అయ్యే పెట్టె ఒకటే. దానికి మనిషికో తాళం పడుతుంది, ప్రతి తాళం మీదా అది ఎవరి తాళంచెవితో (కీతో) తెరుచుకుంటుందో నంబరు రాసి ఉంటుంది. జీపీజీ, థండర్‌బర్డ్ వాడే ఓపెన్‌పీజీపీ పద్ధతిలో ఆ నంబరే కీ ఐడీ, అంకెలూ అక్షరాలూ కలిపి 16. బీసీసీ హెడర్ మెయిల్‌తో పోదు, నిజమే. పెట్టె మాత్రం అన్ని తాళాలతోనూ అందరికీ చేరుతుంది. దీన్ని చూడటానికి నిపుణులే కానక్కర్లేదు. జీపీజీలో మామూలుగా డీక్రిప్ట్ చేస్తేనే (తాళం తీస్తేనే), ఎవరెవరి కీలకు ఎన్‌క్రిప్ట్ అయిందో వరసగా రాసి చూపిస్తుంది. ఆ పబ్లిక్ కీ (తాళం వేయడానికి అందరికీ ఇచ్చే కీ) మన దగ్గర ముందే ఉంటే పేరూ, మెయిల్ చిరునామా కూడా పక్కనే వస్తాయి. లేకపోయినా పబ్లిక్ కీలు ఉంచే కీ సర్వర్లో ఆ నంబరు కొట్టి వెతకొచ్చు. థండర్‌బర్డ్ కూడా మెసేజ్ సెక్యూరిటీ ప్యానెల్లో ఆ కీల జాబితా చూపిస్తుంది. ఎస్‌మైమ్ అనే మరో ఎన్‌క్రిప్షన్ పద్ధతి వాడేవాళ్లు ఊపిరి పీల్చుకోవద్దు. అక్కడ కీ ఐడీ బదులు, సర్టిఫికెట్ ఎవరిచ్చారో, దాని సీరియల్ నంబరేంటో సాధారణంగా బయటికే కనిపిస్తాయి.

బీసీసీ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తుంటే థండర్‌బర్డ్ రాసే విండోలోనే ఒక హెచ్చరిక వేస్తుంది: బీసీసీలో ఉన్నవాళ్లు పూర్తిగా దాగరని, మిగతావాళ్లు గుర్తుపట్టవచ్చని. నిజం చెప్పినందుకు మంచి మార్కులే వేయాలి. కానీ చెప్పి ఊరుకుంటుంది. కీ ఐడీలు తీసేసే బటన్ ఆ విండోలో లేదు.

జీపీజీలో ఉంది. కమాండ్ లైన్లో చిన్న ఆర్ ఇస్తే కీ ఐడీ కనిపిస్తుంది, పెద్ద ఆర్ ఇస్తే ఆ ఒక్కరిది దాగుతుంది. అందరివీ దాచాలంటే త్రో-కీఐడీస్ ఎంపిక వాడాలి. అప్పుడు నంబరు స్థానంలో 16 సున్నాలు పడతాయి. పంపే ముందు లిస్ట్-ఓన్లీ, లిస్ట్-ప్యాకెట్స్ రెండూ కలిపి ఇచ్చి చూడండి. డీక్రిప్ట్ చేయకుండానే ప్యాకెట్లు, అంటే పెట్టెలోని భాగాలు, వరసగా కనిపిస్తాయి; ఒక్కో తాళం ఒక్కో 'పబ్‌కీ ఎన్‌క్ ప్యాకెట్'. ప్రతి 'పబ్‌కీ ఎన్‌క్ ప్యాకెట్' వరుసలోనూ సున్నాలే ఉండాలి. పెద్ద ఆర్ మాత్రమే వాడినప్పుడు ఒక్క వరుసలో వేరే నంబరు కనిపించిందంటే చాలాసార్లు అది పంపేవాళ్ల సొంత కీదే. కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలులో ఎన్‌క్రిప్ట్-టు అని ఉంటే దాన్ని హిడెన్-ఎన్‌క్రిప్ట్-టుగా మార్చుకోవాలి.

సున్నాలు పడ్డాక కూడా రెండు విషయాలు మిగులుతాయి. ఒకటి సంఖ్య: అయిదు ప్యాకెట్లున్నాయంటే అయిదు కీలకు వెళ్లిందని తెలిసిపోతుంది. రెండోది సైజు, అది కీ రకాన్ని పట్టిస్తుంది. 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ ప్యాకెట్ 500 బైట్లు దాటుతుంది, కర్వ్ 25519 కీది వంద లోపే. జీపీజీ 2.3 నుంచి కొత్త కీలన్నీ మామూలుగా కర్వ్‌వే కాబట్టి, గుంపులో ఒక్కరే పాత ఆర్‌ఎస్‌ఏ వాడుతుంటే పేరు చెప్పకుండానే దొరికిపోతారు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయొద్దు. నలుగురైదుగురి గుంపులో ఎవరి కీ పాతదో అందరికీ తెలిసే ఉంటుంది.

అసలు తలనొప్పి అందుకునేవాళ్ల వైపు. నంబరు లేదు కాబట్టి జీపీజీ వాళ్ల దగ్గరున్న సీక్రెట్ కీలన్నీ (తాళం తీసే సొంత కీలు) ఒక్కొక్కటిగా పెట్టి చూస్తుంది. మూడు కీలుంటే మూడు పాస్‌ఫ్రేజ్‌లు అడగొచ్చు, అందులో ఒకటి ఎప్పుడో మరిచిపోయిన పాత కీది. కీ స్మార్ట్ కార్డులో ఉంటే ఫలానా కార్డు పెట్టమంటుంది. లాయరు గారు మెయిల్ పాడైందనుకుని వదిలేస్తారు. అందుకే వాళ్ల కాన్ఫిగ్‌లో ట్రై-సీక్రెట్-కీ వరుసతో ఇప్పటి కీ పేరు రాయించాలి, స్కిప్-హిడెన్-రెసిపియెంట్స్ ఉంటే తీయించాలి. అది ఉన్నంతకాలం ఈ మెయిల్ అసలు తెరుచుకోదు. అందరూ ఒకే యాప్ వాడరు కాబట్టి, గుట్టు లేని చిన్న ఫైలు ఒకటి ముందు పంపి తెరుచుకుందో లేదో ఫోన్లో అడగడం మేలు.

ఇన్నీ చూశాక మేం ఎంచుకున్నది విడివిడిగా పంపడమే. ఒక్కొక్కరికి విడిగా ఎన్‌క్రిప్ట్, విడిగా మెయిల్, బీసీసీ ఖాళీ. సంఖ్య, సైజు, కీ ఐడీ అన్న మూడు చిక్కులూ ఒక్కసారే పోతాయి, అవతలివాళ్ల సెట్టింగులు మార్చే పని కూడా తప్పుతుంది. చిరునామాలు వరుసకొకటి చొప్పున టెక్స్ట్ ఫైలులో పెట్టుకుని ఒకే కమాండును అందరికీ వరసగా నడిపే చిన్న షెల్ లూప్ రాసుకుంటే చాలు. తయారైన ఫైలు పేరులో గ్రహీత పేరు రానివ్వొద్దు. ఒకరిది ఇంకొకరికి అటాచ్ అయితే లోపలి విషయం తెరుచుకోకపోయినా పేరు మీదే గుట్టు పోతుంది. ఇలా ఫైలు అటాచ్ చేసేటప్పుడు సబ్జెక్టూ, మెయిల్ బాడీ ఎన్‌క్రిప్ట్ కావని గుర్తుంచుకుని, అక్కడ ఊరి పేరుగానీ చెరువు పేరుగానీ రాయకండి.

దీనికి ఖర్చు డేటా. 6 ఎంబీ పీడీఎఫ్ మెయిల్లోకి ఎక్కాక 8 ఎంబీ దాటుతుంది, ఎనిమిది మందికైతే 65 ఎంబీ దాకా అప్‌లోడ్. లంక గ్రామంలో ఫోన్ హాట్‌స్పాట్ మీద అది సగంలో తెగుతుంది. ఫొటోలు కుదించి 1 ఎంబీలోపు చేసుకుంటే ఆ బాధ ఉండదు.

బీసీసీ తప్పనిసరై వాడితే సెంట్ ఫోల్డర్ కూడా తెరిచి చూడండి. పంపిన కాపీలో బీసీసీ హెడర్ అలాగే ఉంటుంది, ఆ హెడర్ ఎన్‌క్రిప్ట్ కాదు, ఆ కాపీ ఐమ్యాప్ సర్వర్ (మెయిళ్లు నిల్వ ఉండే సర్వర్) మీద ఉంటుంది. విడివిడిగా పంపినా పంపే సర్వర్‌కు ప్రతి చిరునామా తెలుస్తుంది, దాన్ని ఏ కీ దాచలేదు. ఇక బీసీసీలో ఉన్నవాళ్లకు రిప్లై ఆల్ నొక్కొద్దని ముందే గట్టిగా చెప్పాలి. నొక్కారంటే తమ పేరు తామే బయటపెట్టుకున్నట్టు.