ఆపిల్ రైతుకు సీఏ గిడ్డంగి సేవ: ఒక సమీక్ష

కోతల కాలంలో తోటలన్నింటి కాయ ఒక్కసారిగా మార్కెట్‌కు చేరి ధర పడిపోవడం ఆపిల్ రైతులందరికీ అనుభవమే. ఆ ఒత్తిడి నుంచి బయటపడాలని మా పంటలో కొంత భాగాన్ని నియంత్రిత వాతావరణ గిడ్డంగిలో, అంటే సీఏ స్టోరేజీలో, అద్దె చెల్లించి నిల్వ పెట్టాము. కాయను నిలబెట్టడంలో ఈ సేవకు మంచి మార్కులే వేయాలి. అమ్మకం విషయంలో మాత్రం రైతు చేతిలో ఉండవలసిన నిర్ణయం గిడ్డంగి చేతికి పోతుంది.

మామూలు కోల్డ్ స్టోరేజీ చల్లదనం ఒక్కదానితోనే కాయ శ్వాసను నెమ్మదింపజేస్తుంది. సీఏ గదిలో అందుకు తోడు, గాలిలో సుమారు 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి దించి, కార్బన్ డయాక్సైడ్‌ను రకానికి తగిన హద్దులో ఉంచి, తేమను 90 శాతానికి పైన నిలుపుతారు. దీనివల్ల కాయను మగ్గించే ఇథిలీన్ వాయువు తగ్గి, గుజ్జు బిగువూ పులుపూ నెలల తరబడి నిలుస్తాయి. అయితే అన్ని రకాలకూ ఒకే అమరిక పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ఫ్యూజీ గుజ్జు లోపల గోధుమరంగుకు తిరుగుతుంది. హనీక్రిస్ప్ సున్నా డిగ్రీల దగ్గర చలికి దెబ్బతింటుంది. మేము వెళ్లిన చోట రకాలను వేర్వేరు గదుల్లో పెట్టారు. అలా పెట్టని గిడ్డంగిని, అద్దె ఎంత తక్కువైనా, నేను నమ్మను.

నాకు బాగా నచ్చింది కాయను లోపలికి తీసుకునే ముందు వారు చేసే పరీక్ష. నమూనా కాయలను అడ్డంగా కోసి అయోడిన్ ద్రావణం పూస్తారు. పిండిపదార్థం ఉన్నచోట నల్లబడుతుంది కాబట్టి, మొత్తం నల్లబడితే కాయ ఇంకా పచ్చిదనీ, ఏమాత్రం నలుపెక్కకపోతే దీర్ఘకాలపు నిల్వకు సమయం మించిపోయిందనీ తెలుస్తుంది. మగ్గిన సరుకును వారు మొహమాటం లేకుండా తిప్పి పంపడం రైతుకు మేలే, ఎందుకంటే ఏ గదీ కాయ నాణ్యతను పెంచలేదు, ఉన్నదాన్ని కాపాడగలదు, అంతే. కాల్షియం తక్కువైన తోట కాయలపై నిల్వలో గుంటమచ్చలు కనిపిస్తే ఆ లోపం గిడ్డంగిది కాదు.

అసలు ఇబ్బంది గది తెరిచే రోజున మొదలవుతుంది. ఒకసారి తలుపు తీస్తే లోపలి వాయువుల సమతుల్యం పోతుంది. ఆపైన అది మామూలు శీతల గదే కాబట్టి, అందులోని రైతులందరూ తక్కువ వ్యవధిలో సరుకు అమ్ముకోవాలి. మాకు తేదీ ఆలస్యంగా తెలిపారు. దాంతో ఏ రద్దీ నుంచి తప్పించుకోవాలనుకున్నామో ఆ రద్దీయే చిన్న స్థాయిలో మళ్లీ ఎదురై, కొనుగోలుదారులు ధర తగ్గించి అడిగారు. తెరిచే తేదీని ఎన్ని రోజుల ముందు చెబుతారో, పరిమాణం, రంగుల వారీగా గ్రేడింగ్ పట్టిక ఇస్తారో లేదో, రోజువారీ వాయు నమోదులు చూపుతారో లేదో ఒప్పందంలో రాయించుకోవాలి.

త్వరగా మెత్తబడే తొలి కోత రకాలకూ దెబ్బ తగిలిన కాయకూ ఇక్కడ అద్దె పెట్టడం దండగ. మంచి రంగుతో, సరైన దశలో కోసిన నిల్వ రకాలకే ఈ ఖర్చు తగును. వచ్చే కోతకూ మేము ఇక్కడే పెడతాము, అయితే సరుకును వేర్వేరు తేదీల్లో తెరిచే రెండు గదులకు పంచాలన్న షరతు మీద.