కోరంగి వెళ్తున్నారా? ముందు పోటు ఎప్పుడో కనుక్కోండి

‘కోరంగి, యానాం, హోప్ ఐలాండ్ ఒక్కరోజులో’ అని మనిషికి 1,400 తీసుకున్న ప్యాకేజీ వ్యాను ఒకటి మిట్టమధ్యాహ్నం కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి గేటు దగ్గర జనాన్ని దింపింది. అప్పుడు పాటు, అంటే సముద్రపు నీళ్లు వెనక్కి తీసే వేళ (నీళ్లు ఎక్కే వేళ పోటు). కాల్వలో బురద తేలింది, పడవలు కదలవు. పిల్లల ఏడుపు, పెద్దవాళ్ల సణుగుడు. డ్రైవరేమో ‘నా చేతుల్లో ఏముంది సార్’ అన్నాడు. నిజమే, పాపం. కానీ సీట్లు అమ్మినవాడి చేతిలో పంచాంగమైనా ఉండాలిగా!

ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం తిరిగేసరికి ఆ ఆలస్యం ఆరు గంటలకు దగ్గరపడుతుంది. అంటే ఈ ఆదివారం పొద్దున తొమ్మిదికి కాల్వ నిండుగా ఉందని ఎవరో ఫొటో పెడితే, వచ్చే ఆదివారం అదే వేళకి మీకు కనిపించేది బురదే. మళ్లీ ఆ వేళకి నీళ్లు కావాలంటే ఈ ఆదివారం నుంచి రెండు వారాలు ఆగాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి దాపుల్లో తేడా తక్కువ. ఫోనులో కాకినాడ పోటుపాట్ల పట్టిక దొరుకుతుంది. అది నమ్మకపోతే ముందురోజు జాలర్లను అడగండి, వాళ్లది తప్పదు.

చిక్కేమిటంటే, పడవకి పోటు కావాలి, చెక్కవంతెన మీద నడకకి పాటు కావాలి. నీళ్లు తీసినప్పుడే మడచెట్ల శ్వాసవేళ్లు బురదలోంచి మేకుల్లా నిలబడి కనిపిస్తాయి. ఒంటిచేతి ఎర్రపీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి, బురద చేపలు ఎగురుతాయి. పోటప్పుడు ఇవన్నీ నీళ్లకింద. అందుకని పాటు అడుగంటే వేళకి గేటు దగ్గరుండి, గంటన్నర నింపాదిగా నడిచి, నీళ్లు ఎక్కాక పడవ ఎక్కడం మేలు. టికెట్ల దగ్గర మొదట అడగాల్సింది ధర కాదు, ‘పడవ ఎన్నింటికి కదులుతుంది?’ అని.

కాకినాడ నుంచి దారి సుమారు 18 కిలోమీటర్లు. యానాం వైపు బస్సులు కోరంగి మీదుగానే పోతాయి. కానీ వెనక్కి వచ్చేటప్పుడు ఎండలో రోడ్డు మీద నిలబడాలి, పెద్దవాళ్లుంటే ఆ పని వద్దు. ఆటోవాడు రానుపోను 900 అన్నాడు, 700కి దిగాడు. అందులో ఎన్ని గంటలు ఆగాలో కూడా ముందే తేల్చుకోండి. లేకపోతే పడవ కోసం ఆగిన ప్రతి గంటకీ ఇంకో వంద అడుగుతారు.

ఈ అడవిని 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. సందర్శకులకి తెరిచింది అందులో చిన్న ముక్క. బావురుపిల్లి బొమ్మ చూసి పిల్లలు ఆశపడతారు. అది రాత్రి తిరిగే జంతువు, పగలు కనిపించదని బయల్దేరేముందే చెప్పెయ్యండి. నీటికుక్కలు కనిపిస్తే మీ అదృష్టం. పిట్టల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున్నే. బ్లూటూత్ స్పీకరు పెట్టే గుంపు వచ్చాక కొంగ కూడా ఉండదు.

చెక్కలు తేమకి పాకుడు పడతాయి, ఉప్పుగాలికి మేకులు తుప్పెక్కి పైకి లేస్తాయి. హవాయి చెప్పులు కాదు, పట్టు ఉండే బూట్లు వేసుకోండి, పిల్లల్ని పరిగెత్తనివ్వకండి. ఇంకోటి, కొమ్మలు తుంచొద్దు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చేతికి అంటితే కళ్లు నులమకుండా ముందు నీళ్లతో కడగాలి. మడచెట్టు ఆకుని (తిల్ల ఆకు కాదు సుమా) మాత్రం కోయకుండానే అడుగున వేలితో రాసి నాలిక మీద పెట్టుకోండి, ఉప్పగా తగులుతుంది. ఆ చెట్టు పీల్చుకున్న ఉప్పుని ఆకుల మీదికి కక్కేస్తుంది. పిల్లల అలక తీరేది అక్కడే.

(ఈ ఊరు ఒకప్పుడు పెద్ద ఓడరేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లకి అక్కడ ‘కోరంగీలు’ అనే పేరు పడింది ఇక్కడి నుంచే. 1839 తుపాను ఆ రేవుని దెబ్బతీసింది. గేటు దాకా వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇది తెలియదు.)

హోప్ ఐలాండ్ సంగతి వేరు. అది సముద్రానికీ కాకినాడ అఖాతానికీ మధ్య సాగిన ఇసుక తిన్నె. మామూలు కాల్వ షికారు పడవ అక్కడిదాకా పోదు. దానికి వేరే పడవ కావాలి, సముద్రం నెమ్మదిగా ఉండాలి, సగం రోజు చేతిలో ఉండాలి. ప్యాకేజీలో ఆ పేరు కనిపిస్తే ‘ఏ రేవు నుంచి, ఎన్నింటికి?’ అని అడగండి. జవాబు నసిగితే ఆ మూడో ఊరి డబ్బులు తగ్గించమనండి.