డ్రాఫ్ట్‌లో పైకి ఎక్కాలా, కిందికి దిగాలా?

ఏప్రిల్ దగ్గర పడుతోందంటే చాలు, డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు అమెరికన్ ఫుట్‌బాల్ చూసే మన తెలుగువాళ్ల మధ్య ఒకటే ప్రశ్న. ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే చోట, రెండు మూడు పిక్‌లు (ఎంపిక వంతులు) ధారపోసి పైకి ఎక్కి, అందరూ మెచ్చిన కుర్రాడిని తెచ్చుకోవడం మేలా? చేతిలో ఉన్న మంచి పిక్‌ను వేరేవాళ్లకు ఇచ్చి కిందికి దిగి, ఆ తేడాకు ఇంకొన్ని పిక్‌లు రాబట్టుకోవడం మేలా? నన్ను అడిగినవాళ్లకు ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను డల్లాస్ కౌబాయ్స్ అభిమానిని. మా జట్టు రెండు దారుల్లోనూ నడిచింది, అదీ వరస ఏళ్లలోనే. 2012లో 14వ స్థానం నుంచి 6వ స్థానానికి ఎక్కి కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునే రిసీవర్లను కాచుకునే డిఫెండర్) మోరిస్ క్లెయిబోర్న్‌ను తీసుకున్నారు. అందుకు రెండో రౌండ్ పిక్ ఖర్చయింది. ఆ తర్వాత గాయాలు అతన్ని నిలదొక్కుకోనివ్వలేదు, ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కు ఒక్కసారి కూడా ఎంపిక కాలేదు. ఆ ఏడాదే, తర్వాత మేటి డిఫెండర్లుగా పేరు తెచ్చుకున్న ల్యూక్ కీక్లీ 9వ పిక్‌కు, ఫ్లెచర్ కాక్స్ 12వ పిక్‌కు వెళ్లారు. 2013లో ఇదే జట్టు 18 నుంచి 31కి దిగింది. అదనంగా ఒక మూడో రౌండ్ పిక్ వచ్చింది. 31వ పిక్‌కు సెంటర్ (లైన్ మధ్యలో నిలబడి బంతి అందించేవాడు) ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకుంటే, ఇంత ముందుగా సెంటర్ ఎందుకని చాలామంది పెదవి విరిచారు. అతను ఐదుసార్లు ప్రో బౌలర్ అయ్యాడు. 2021లో కళ్లు పెట్టుకున్న ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు, జేసీ హార్న్, పాట్రిక్ సర్టన్, 8, 9 పిక్‌లకు వెళ్లిపోతే, కౌబాయ్స్ 10వ పిక్‌ను ఈగల్స్‌కు ఇచ్చి 12కి దిగారు. అక్కడ దొరికింది మైకా పార్సన్స్, ఆ తర్వాత లీగ్‌లోని మేటి డిఫెండర్లలో ఒకడయ్యాడు. పైగా ఇంకో మూడో రౌండ్ పిక్ కూడా.

ఈ మూడింటినే పట్టుకుని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇలాంటి కథలు ఏ పక్షానికైనా దొరుకుతాయి. నా దృష్టిలో అసలు విషయం ఆటగాడి ధర. చాలామంది ప్రతిభ గురించి గంటలు గంటలు వాదించి, ధర దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటతో వదిలేస్తారు.

మనలో చాలామంది ఐపీఎల్ వేలం చూసి ఇటు వచ్చినవాళ్లం. అక్కడ మంచి ఆటగాడు కావాలంటే పర్సు విప్పాలి, ఎంత మంచివాడైతే అంత ధర పలుకుతుంది. డ్రాఫ్ట్‌లో కుర్రాడి జీతాన్ని నిర్ణయించేది అతన్ని తీసుకున్న స్థానం. 2011లో లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన ఒప్పందంతో ఈ పద్ధతి గట్టిపడింది. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 78 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్, అందులో 50 మిలియన్లు గ్యారంటీ. మరుసటి ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు కలిపి సుమారు 22 మిలియన్లే. పైగా మూడు సీజన్లు ఆడేదాకా రూకీ కాంట్రాక్ట్‌ను, అంటే కుర్రాడి మొదటి కాంట్రాక్ట్‌ను, తిరగరాయడానికి వీల్లేదు. 2022లో డ్రాఫ్ట్ మొత్తానికీ చివరి పిక్, 262వ పిక్, 49ఎర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) బ్రాక్ పర్డీ. నాలుగేళ్లకు దాదాపు 3.7 మిలియన్లు. అదే పర్డీకి 2025లో ఇచ్చిన కొత్త కాంట్రాక్ట్ ఐదేళ్లకు 265 మిలియన్లు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలో ఒక జట్టు డిఫెన్స్ మొత్తం పడుతుంది.

2025లో శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు జీతాలకు ఖర్చు చేయగలిగే హద్దు, 279.2 మిలియన్లు. మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒక్కడికే 2024లో సగటున ఏడాదికి 60 మిలియన్లు రాసిచ్చారు. మిగతా డబ్బుతో యాభై మందికి పైగా ఆటగాళ్లను పోషించాలి. అది సాగాలంటే తక్కువ జీతానికి బాగా ఆడే కుర్రాళ్లు ఒకేసారి ఐదారుగురు ఉండాలి. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఈగల్స్‌నే చూడండి. క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్‌కు అప్పటికే సగటున ఏడాదికి 51 మిలియన్ల కాంట్రాక్ట్ ఉంది. అయినా ఏ.జే. బ్రౌన్‌ను, సేక్వాన్ బార్క్‌లీని భరించగలిగారు. జేలన్ కార్టర్, జోర్డన్ డేవిస్, నోలన్ స్మిత్, క్విన్యాన్ మిచెల్, కూపర్ డిజీన్, క్యామ్ జర్గెన్స్, అందరూ అప్పటికి రూకీ కాంట్రాక్టుల మీదే ఆడుతున్నారు. ఆ రాత్రి బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లను మీదికి పంపడం) అన్నదే లేకుండా చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టారు. ఈగల్స్ గెలిస్తే మా ఊళ్లో ఎవరికీ సంతోషం ఉండదు, నాకూ లేదు. కానీ జట్టు కట్టడం ఎలాగో నేర్చుకోవాలంటే అటే చూడాలి.

ఇంకో విషయం, ఎవరు రాణిస్తారో ముందే పసిగట్టడం ఎవరివల్లా పూర్తిగా కాదు. కేడ్ మాస్సీ, రిచర్డ్ థేలర్ (2017లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఆయనే) ఏళ్ల తరబడి జరిగిన డ్రాఫ్టులను లెక్కగట్టి చూశారు. ఒకే పొజిషన్‌లో ముందు ఎంపికైనవాడు, అతని తర్వాత ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం సగానికి కాస్త మాత్రమే ఎక్కువని వాళ్ల లెక్క. అంటే బొమ్మా బొరుసా అన్నంత దగ్గర. అలాంటప్పుడు రెండు పిక్‌లు ఇచ్చి ఒక్కడిని తెచ్చుకోవడం కంటే, ఒకటి ఇచ్చి ఇద్దరిని తెచ్చుకోవడమే తెలివైన పని అని నా నమ్మకం. ఇద్దరిలో ఒకడు తప్పినా ఇంకొకడు మిగులుతాడు.

మరి జట్లు ఎందుకు ఎగబడి పైకి ఎక్కుతాయి? వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను ఈ ఏడాది రెండో రౌండ్ పిక్‌తో సమానంగా చూడటం ఈ బేరాల్లో మామూలు. ఆటగాళ్ల ఎంపిక చూసే జనరల్ మేనేజర్ ఉద్యోగం ఊగిసలాడుతుంటే వచ్చే ఏడాది పిక్‌ను వాడేది తనో, తన తర్వాత వచ్చేవాడో తెలియదు. అందుకే దాన్ని అంత సులువుగా ఇచ్చేస్తాడు. నష్టపోయేది జట్టు. 1999లో సెయింట్స్ కోచ్ మైక్ డిట్కా రికీ విలియమ్స్ ఒక్కడి కోసం ఆ ఏడాది పిక్‌లన్నీ, మరుసటి ఏడాది మొదటి, మూడో రౌండ్ పిక్‌లూ ఇచ్చేశాడు. ఆ సీజన్ 3 విజయాలు, 13 ఓటములతో ముగిసింది, కోచ్ పదవీ పోయింది.

పైకి ఎక్కడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. 1990లో కౌబాయ్స్ 21 నుంచి 17కి ఎక్కి, తర్వాత దిగ్గజమైన ఎమ్మిట్ స్మిత్‌ను తెచ్చుకున్నారు, పోయింది మూడో రౌండ్ పిక్ ఒక్కటే. ఈగల్స్ కార్టర్ కోసం 10 నుంచి 9కి జరిగి, మరుసటి ఏడాది నాలుగో రౌండ్ పిక్ ఇచ్చారు. ఇలాంటి చిన్న అడుగులు ఎన్నైనా వేయవచ్చు. వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను తాకట్టు పెట్టడం దగ్గరే నాకు గుండె ఒప్పదు.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. 2011లో ఫాల్కన్స్ 27 నుంచి 6కి ఎక్కి జూలియో జోన్స్‌ను తీసుకున్నారు. బ్రౌన్స్‌కు ఐదు పిక్‌లు దక్కాయి, వాటిలో రెండు మొదటి రౌండ్‌వి. వాటితో బ్రౌన్స్ నిలబెట్టుకున్నది ఏమీ లేదు, అందులో ఒక పిక్ చివరకు నిలదొక్కుకోలేని క్వార్టర్‌బ్యాక్ బ్రాండన్ వీడెన్ అయ్యింది. జూలియో ఆ తరంలోనే మేటి రిసీవర్ అయ్యాడు. కిందికి దిగే జట్టుకు స్కౌటింగ్ బలం లేకపోతే పది పిక్‌లు ఉన్నా ఒకటే, ఇరవై ఉన్నా ఒకటే. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 2018 నాటి కోల్ట్స్. మూడో పిక్‌ను జెట్స్‌కు ఇచ్చి ఆరుకు దిగి, మూడు రెండో రౌండ్ పిక్‌లు తీసుకున్నారు. ఆరో పిక్‌కు లైన్‌లో గార్డ్‌గా ఆడే క్వెంటన్ నెల్సన్ వచ్చాడు, మొదటి ఏడాదే ఆల్-ప్రో (లీగ్ మొత్తంలో ఆ స్థానంలో మేటి). జెట్స్ ఇచ్చిన 37వ పిక్‌తో బ్రేడెన్ స్మిత్ వచ్చి ఏళ్ల తరబడి అదే లైన్‌లో రైట్ ట్యాకిల్‌గా నిలిచాడు. మూడో పిక్‌తో జెట్స్ తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్ మూడేళ్లకే ఆ జట్టు విడిచాడు. అతనికి మంచి రోజులు వేరే జట్టులో వచ్చాయి.

క్వార్టర్‌బ్యాక్ విషయానికొస్తే లెక్క మారుతుంది, కానీ అందరూ అనుకునేంతగా మారదు. 2017లో చీఫ్స్ 27 నుంచి 10కి ఎక్కి మహోమ్స్‌ను తెచ్చుకున్నారు. ఒక మూడో రౌండ్ పిక్, 2018 మొదటి రౌండ్ పిక్ పోయాయి. ఇంతకంటే లాభసాటి బేరం నేను చూడలేదు. కానీ ఆ జట్టు అంతకుముందు సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచింది. ఆండీ రీడ్ కోచ్, ట్రావిస్ కెల్సీ, టైరీక్ హిల్ అప్పటికే ఉన్నారు, ఏడాది పాటు బాధ్యత మోయడానికి అలెక్స్ స్మిత్ ఉన్నాడు. కుర్రాడు నింపాదిగా నేర్చుకున్నాడు.

2023లో పాంథర్స్ చేసింది చూడండి. 9 నుంచి 1కి ఎక్కడానికి బేర్స్‌కు రెండో రౌండ్ పిక్, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్ ఇచ్చారు. అవి చాలక డీజే మూర్‌నూ ఇచ్చారు. రేపు వచ్చే క్వార్టర్‌బ్యాక్ బంతి విసరాల్సిన రిసీవర్‌నే ఇచ్చేసి క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అలా తెచ్చుకున్న బ్రైస్ యంగ్ మొదటి సీజన్‌లో జట్టు గెలిచినవి రెండు మ్యాచ్‌లు. ఎక్కువ ఓడిన జట్టుకే ముందు వంతు కాబట్టి, ఆ ఓటముల వల్ల 2024 పిక్ మొదటి స్థానానికి చేరి, బేర్స్‌కు క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ దక్కాడు. యంగ్ ఆ తర్వాత మెరుగుపడ్డాడు, తప్పంతా కుర్రాడి మీద వేయడం నాకు ఇష్టం లేదు. అదే డ్రాఫ్ట్‌లో కదలకుండా రెండో స్థానంలో కూర్చున్న టెక్సన్స్‌కు క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ దొరికాడు. వాళ్లు ఆ వెంటనే మూడో పిక్‌కు ఎక్కి విల్ ఆండర్సన్‌ను కూడా తీసుకున్నారు, చాలా ఖరీదుగానే. అది ఫలించిందని ఒప్పుకుంటాను.

49ఎర్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్ కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చి 12 నుంచి 3కి ఎక్కారు. చివరకు ఆ జట్టును సూపర్ బౌల్‌కు తీసుకెళ్లింది చివరి పిక్ పర్డీ. ఆ లాన్స్‌ను తర్వాత నాలుగో రౌండ్ పిక్‌కు మా కౌబాయ్సే తీసుకున్నారు. అందుకే లైన్, రిసీవర్లు, కోచ్ సిద్ధంగా ఉన్న జట్టే క్వార్టర్‌బ్యాక్ కోసం ఎక్కాలంటాను. అవి లేని జట్టు ముందు కిందికి దిగి వాటిని పోగేసుకోవాలి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. పిక్‌లన్నీ ఇచ్చి ఆరితేరిన ఆటగాళ్లను తెచ్చుకోవడం ర్యామ్స్ పద్ధతి. క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ను తెచ్చుకున్న ఏడాదే సూపర్ బౌల్ గెలిచారు. కానీ ఏరన్ డోనల్డ్, కూపర్ కప్ ఇద్దరూ సొంత డ్రాఫ్ట్‌లో దొరికినవాళ్లే. అవసరాన్ని బట్టి తీసుకోవాలా, ఉన్నవాళ్లలో మేటిని తీసుకోవాలా అంటే మేటినే. 2020లో రిసీవర్లు ఉండి కూడా కౌబాయ్స్ సీడీ ల్యాంబ్‌ను తీసుకోవడం సరైన పని. కావాలని ఓడి మొదటి పిక్ తెచ్చుకోవడం మీద నాకు చర్చే అక్కర్లేదు.

ఎక్కువమంది నన్ను నిలదీసేది పార్సన్స్ విషయంలో. 2025 ఆగస్టులో అతన్ని ప్యాకర్స్‌కు ఇచ్చి రెండు మొదటి రౌండ్ పిక్‌లు, కెన్నీ క్లార్క్‌ను తీసుకున్నారు. పిక్‌లు పోగేయమంటావు కదా, మరి ఇది నీకు నచ్చాలి కదా అని అడుగుతారు. 1989లో జిమ్మీ జాన్సన్ హెర్షెల్ వాకర్‌ను వైకింగ్స్‌కు ఇచ్చి సంపాదించిన పిక్‌లతో మూడు సూపర్ బౌళ్ల జట్టుకు పునాది వేశాడని కూడా గుర్తు చేస్తారు. నాకు ఇది నచ్చలేదు. వాకర్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు), జట్టు ఆ ఏడాది ఒక్క మ్యాచ్ మాత్రమే గెలిచింది. పార్సన్స్ 26 ఏళ్ల ఎడ్జ్ రషర్ (లైన్ అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు), అన్ని పరీక్షలూ నెగ్గినవాడు. పిక్‌లను కూడబెట్టేది అలాంటి ఒక్కడు తగులుతాడన్న ఆశతోనే. దొరికినవాడిని ఇచ్చి మళ్లీ వెతుకులాట మొదలుపెట్టడాన్ని నేను కిందికి దిగడంతో సమానంగా చూడలేను.

ఇచ్చేశారు, ఇక వచ్చిన పిక్‌లతో ఏం చేస్తారన్నదే మిగిలింది. మా జట్టుకు పాస్ రష్ కావాలి, సెకండరీ (పాస్‌లను అడ్డుకునే వెనకవరస) కావాలి, లైన్‌లో కొత్త రక్తం కావాలి. ఒక్కడితో తీరే లోటు కాదు. మొదటి రౌండ్ మధ్యలో మన వంతు వచ్చినప్పుడు నాలుగైదు స్థానాలు దిగితే రెండో రౌండ్ పిక్ ఇస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే, వెంటనే ఒప్పుకోవాలని నా కోరిక.